ఫారంలో లేని గడి

కరవాకలో పొద్దున్న ఆరున్నరకి
ముందు మీటరు కడుక్కుంటాను,
డిస్టిల్డ్ వాటరుతో మూడుసార్లు.
"పురిటిబిడ్డకి పోసినట్టు పోస్తావేంటమ్మాయ్"
అని నవ్వుతుంది ఓలేటి బుల్లెమ్మ.

ఆమె బావి నంబరు పదిహేడు.
ఆమె నంబరూ పదిహేడే.
మా సర్వేలో బావికీ మనిషికీ కలిపి ఒకటే అంకె,
తికమక ఉండదని సారు పెట్టారు.

చేద దించుతాను.
నీళ్ళు తేటగానే ఉన్నాయి, అడుగున రాయి కనిపిస్తోంది.
మీటరు ముంచకముందే ఆమె మొదలెట్టింది:
"నిన్న పప్పు ఉడకలేదు,
ఇంకో మోపు సరుగుడు పుల్లలు తగలేశాను, బద్ద బద్దగానే ఉంది.
పొద్దున్న టీ విరిగింది.
సబ్బు నురగే లేదు, జాకెట్టు మీద తెల్లగా చార కట్టింది.
మందారం చూడు, ఆకు అంచులెలా మాడాయో.
అమాస వెళ్ళి మూడ్రోజులు.
ఇయ్యాళ మూడువేలు దాటుద్ది, రాసుకో."

అంకెలు కాసేపు తడబడ్డాయి.
మూడు వేల నూట పది.

రాసుకున్నాను.
అంకె మాత్రమే.

తర్వాత మంచం మీద కూర్చోబెట్టి
చేతికి పట్టీ చుట్టాను. గాలి కొడుతుంటే
కాలి బొటనవేలు నేలకేసి నొక్కింది.
నూట అరవై రెండు, తొంభై ఆరు.
"మా ఆయనకి ఇది కట్టినోళ్ళు లేరు" అంది,
"వలేస్తా వలేస్తా పడవలోనే ఓ పక్కకి ఒరిగిపోయాడు."
దానికీ గడి ఉంది: కుటుంబ చరిత్ర. టిక్కు పెట్టాను.

ప్రశ్న పద్నాలుగు.
రోజుకి ఉప్పు ఎంత వాడతారు?
"కూరలోదా, కుండలోదా?"

నేను ఫారం తిరగేశాను.
వెనకవైపు కూడా లేదు.

"డబ్బా నీళ్ళు కొనుక్కోవచ్చు కదా బుల్లెమ్మగారూ"
"రొయ్యల చెరువులో పని దొరికిన్నాడు డబ్బా.
దొరకనినాడు బావి.
ఈ నెల ఎక్కువ బావేనండి."
ఉప్పు తగ్గించండి అని అచ్చేసిన కరపత్రం ఇచ్చాను, ఇవ్వాలి కాబట్టి.
ఆమె చదవలేదు, చదివించుకుంది.
"నేనేసిన ఉప్పయితే తగ్గిస్తాను.
సముద్రం ఏసింది ఎట్టా తీసేది?"

*

పోలిక కోసం
పైన కాలవ గట్టున ఇంకో ఊరు ఎంచుకున్నాం.
మా మేనత్తది ఆ ఊరే. చిన్నప్పుడు సెలవులకెళ్తే
ఆ బావి నీళ్ళలో బెల్లం కలిపారేమో అనుకునేదాన్ని.
కాయితాల మీద దాని పేరు
ఉప్పు సోకని గ్రామం.

మొన్న మూడో ఏడాది రీడింగు.
ఎనిమిదో నంబరు బావి, పద్నాలుగు వందలు.
మీటరు కడిగాను. మళ్ళీ ముంచాను.
బ్యాటరీ మార్చాను.
ప్రమాణ ద్రావణంలో పెట్టి చూస్తే మీటరుకే రోగమూ లేదు.
అత్త గుమ్మంలో నిలబడి,
"ఈమధ్య పప్పు ఆలస్యంగా ఉడుకుతోందే, పాత పప్పు అంటగట్టాడు కొట్టువాడు" అంది.
నేనేం మాట్లాడలేదు.

సారుకి ఫోను చేశాను.
అవతల ఫ్యాను తిరగడం వినిపించింది, చాలాసేపు.
"అయితే పోలిక ఊరిని
ఇంకొంచెం పైకి జరపాలి" అన్నారు.

పైకి అంటే ఎందాకా సార్?
ముక్తేశ్వరమా? రావులపాలెమా?
ధవళేశ్వరం ఆనకట్ట దాటితే
ఇక డెల్టానే లేదు కదా.

*

కొత్త ఫారం వస్తుందన్నారు. ఇంకా రాలేదు.
ఈ నెల కరవాకలో,
పదిహేడో నంబరు కాయితం అంచున, ఖాళీ ఉన్నచోట,
పెన్సిలుతో రాశాను:
పప్పు ఉడకలేదు.
టీ విరిగింది.
పని దొరకని రోజులు పంతొమ్మిది.
కుండలో ఉప్పు.

కంప్యూటరుకెక్కించే కుర్రాడు దీన్నెక్కడ పెడతాడో తెలీదు,
వదిలేస్తాడేమో కూడా.
కాస్త గట్టిగానే నొక్కి రాసినట్టున్నాను,
పద్దెనిమిదో నంబరు కాయితం తీస్తే
దాని మీదా అచ్చు పడి ఉంది.